కౌంటరు సూళ్లూరుపేటలో, పద్దు చెన్నైలో

సూళ్లూరుపేట రైల్వే స్టేషనులో రిజర్వేషన్ గుమాస్తా ముందున్న కంప్యూటరులో ఒక్క బెర్తు కూడా ఉండదు. వినడానికి వింతగా ఉన్నా ఇది అక్షరసత్యం. చీటీ మీద రాసిన పేరు, వయసు, బండి నంబరు ఆ కౌంటరులో టైపు అవుతాయి గానీ, బెర్తు ఉన్నదీ లేనిదీ తేల్చే పద్దు అక్కడ లేదు. 1999లో కుదిరిన ఏర్పాటు ప్రకారం అది సుమారు ఎనభై కిలోమీటర్ల అవతల చెన్నైలో ఉంటుంది. బండి సికిందరాబాదు కేంద్రానికి చెందినదైతే చెన్నై దాటి మరో ఏడు వందల కిలోమీటర్లు, ఢిల్లీ కేంద్రానిదైతే మరో రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు ప్రశ్న ప్రయాణం చేయాలి. జవాబు మళ్ళీ అంత దూరమూ తిరిగి రావాలి.

"సర్వరు స్లోగా ఉంది" అన్న మాట వినని ఇల్లు సరిహద్దు గ్రామాలలో లేదు. రేషను దుకాణంలో వేలిముద్ర పెట్టిన అవ్వకు అదే జవాబు. బ్యాంకులో పాసుపుస్తకం పట్టుకొని నిలుచున్న రైతుకు అదే జవాబు. బిడ్డ వైద్యానికి దూర ప్రయాణం పెట్టుకొని, తెల్లవారకముందే వరుసలో నిలిచిన తల్లిదండ్రులకూ అదే జవాబు. అనేక రోగాలకు ఒకే పేరు పెట్టినట్లుంటుంది ఈ మాట. దూరాన ఉన్న సమాచార నిధితో, అంటే డేటాబేస్‌తో, పని చేసే ప్రోగ్రాముకు ఆలస్యం కలిగించే కారణాలు వేరు వేరు. వాటిలో కొన్ని డబ్బుతో తీరుతాయి, కొన్ని తీరవు. కొన్నిటిని తీర్చబోతే జవాబు త్వరగా వస్తుంది గానీ, అది నిజమైన జవాబేనా అన్న సందేహం మిగిలిపోతుంది.

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్ అంతా పెద్ద పెద్ద రిజిస్టర్లలో సాగేది. బండికి ఒక రిజిస్టరు, తేదీకి ఒక పుట. బండి బయలుదేరే ఊరిలోనే రిజిస్టరు ఉండేది. చెన్నై నుండి పోయి తిరిగి రావలసినవారి కోసం అవతలి ఊరికి టెలిగ్రాము వెళ్ళేది. దానికి జవాబు వచ్చిందాకా మనసు స్థిమితపడేది కాదు. ప్రతి చిన్న స్టేషనూ ప్రతిసారీ పెద్ద ఊరిని అడుగుతూ కూర్చుంటే పని జరగదు గనుక మధ్య స్టేషన్లకు కొన్ని బెర్తులు కోటాగా కేటాయించేవారు. ఆ కోటాలోవి ఎవరినీ అడగనక్కరలేకుండా స్టేషను వారే ఇచ్చివేయవచ్చు. పని చిటికెలో తెమిలేది. అయితే ఒక స్టేషను కోటా ఖాళీగా మిగిలిపోతుండగా పక్క స్టేషనులో జనం బెర్తు దొరకక నిలబడి ప్రయాణం చేసేవారు. దూరపు పద్దు సమస్యలోని బేరమంతా ఈ పాత కోటాలోనే ఇమిడి ఉన్నది.

1985 నవంబరులో ఢిల్లీలో సి.ఎం.సి. సంస్థ సహకారంతో రైల్వే వారు కంప్యూటర్ రిజర్వేషన్‌ను ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. 1980ల చివరికి ముంబై, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదులకు కూడా అది విస్తరించింది. చెన్నైలో ఈ వ్యవహారానికి నెలవు సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్. 1985లోనే అగ్నికి ఆహుతైన పాత మూర్ మార్కెట్ స్థలంలో లేచిన భవనం అది. పాత పుస్తకాల కోసం ఆ మార్కెట్టులో తిరిగినవారు ఆ పేరు వింటే ఈనాటికీ నిట్టూరుస్తారు.

ఈ ఐదు కేంద్రాలూ మొదట ఐదు ద్వీపాల వంటివి. ఎవరి బండ్లు వారివి, ఎవరి పద్దు వారిది. వీటిని కలిపే పని 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం చేపట్టింది. 'క్రిస్' అన్న పొట్టిపేరుతో అది ప్రసిద్ధం. ఆ సంస్థ తయారు చేసిన 'కన్సర్ట్' అనే ప్రోగ్రాము 1990ల మధ్యలో ముందుగా సికిందరాబాదులో అమలుకు వచ్చి, 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలనూ ఒక్క వలగా అల్లింది. నాటి నుండి ఏ కౌంటరులోనైనా ఏ ఊరి నుండి ఏ ఊరికైనా టిక్కెట్టు తీసుకోవచ్చు. ఆ తరువాత పుట్టినవారికి ఇందులో విశేషం కనిపించకపోవచ్చు. టెలిగ్రాము కోసం ఎదురుచూసిన తరానికి తెలుసు దాని విలువ.

ఆ వల అల్లిన తీరును కొంచెం నిదానించి చూడాలి. ఐదు కేంద్రాల పద్దులను ఒక్క చోట కుప్ప పోయలేదు. ఒక్కొక్క పద్దుకు ఐదు నకళ్ళు తీసి అన్ని చోట్లా పెట్టనూ లేదు. ఏ బండి పద్దు ఆ బండి కేంద్రంలోనే, ఒక్క చోటే ఉంచారు. చెన్నై కౌంటరులో సికిందరాబాదు బండికి టిక్కెట్టు అడిగితే ఆ అడుగుదల సికిందరాబాదుకు పోతుంది. టిక్కెట్టు మీది పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యలో మొదటి అంకె కూడా కేంద్రాన్ని సూచించేదే. ఈ పద్ధతిలో ఒకే బెర్తును ఇద్దరికి అమ్మే ప్రమాదం తప్పుతుంది. అందుకు చెల్లించే మూల్యం కూడా ఉన్నది: సికిందరాబాదుకు పోయే లైను తెగితే చెన్నైలో ఆ బండికి టిక్కెట్టు లేదు.

దూరం వల్ల నిజంగా ఎంత ఆలస్యమవుతుంది? గాజు తంతి కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సెకనులో వెయ్యవ భాగాన్ని మిల్లీసెకను అంటారు. ఆ లెక్కన సూళ్లూరుపేట నుండి చెన్నైకి పోయి రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. చెన్నై నుండి సికిందరాబాదుకు పోయి రావడానికి ఏడు, ఢిల్లీకి పోయి రావడానికి ఇరవై రెండు మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, నడుమ యంత్రాలు కూడా కొంత కాలం తీసుకుంటాయి గనుక ఇది రెట్టింపు అవుతుందని అనుకున్నా, కనురెప్ప వాల్చి ఎత్తడానికి నూరు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఢిల్లీ అంత దూరం కూడా రెప్పపాటులో సగమే!

అటువంటప్పుడు కౌంటరు ముందు అరగంట ఎందుకు? దూరం ఒక్కటే కారణమైతే ఎవరికీ తెలియకుండానే పోయేది. ఆ దూరాన్ని ఎన్నిసార్లు నడవవలసి వస్తున్నదన్నదే అసలు లెక్క.

చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 నుండి పెట్టెలు చేస్తున్నది. అక్కడ ఏళ్ళ తరబడి తయారైన స్లీపర్ పెట్టెకు 72 బెర్తులు. ఒక ప్రోగ్రాము ఒకటో బెర్తు ఖాళీయా అని అడిగి, జవాబు వచ్చాక రెండవది, అది వచ్చాక మూడవది అడుగుతూ పోతే 72 ప్రయాణాలవుతాయి. పోయి రావడానికి నలభై మిల్లీసెకన్లు పట్టే దారిలో ఇది దాదాపు మూడు సెకన్లు. "ఈ పెట్టెలో ఖాళీ బెర్తులేవి?" అని ఒక్కసారి అడిగితే ఒక్క ప్రయాణం, నలభై మిల్లీసెకన్లు. సంతకు పోయి ఉప్పు కొని ఇంటికి వచ్చి, మళ్ళీ పోయి పప్పు కొని ఇంటికి వచ్చే మనిషిని చూసి ఊరంతా నవ్వుతుంది. కంప్యూటరు అదే పని చేస్తుంటే మాత్రం కంటికి కనబడదు గనుక ఎవరూ నవ్వరు.

ఇది రైల్వేలకే పరిమితమైన సంగతి కాదు. చెన్నై ప్యారీస్‌లో ఒక అంగడి, సరిహద్దు ఊరిలో మరొక అంగడి నడిపే వ్యాపారిని ఊహించుకోవచ్చు. సరుకుల పద్దు చెన్నై అంగడిలోని కంప్యూటరులో ఉన్నది. బిల్లు వేసే ప్రోగ్రామును చెన్నైలో, ఆ కంప్యూటరు పక్కనే కూర్చుని ఒక కుర్రవాడు రాశాడు. ఇరవై సరుకుల బిల్లుకు ఒక్కొక్క సరుకు ధర ఎంత, నిల్వ ఎంత, పన్ను ఎంత అని మూడేసి ప్రశ్నలు, వెరసి అరవై. పక్కనున్న యంత్రానికి ప్రశ్న పోయి రావడానికి అర మిల్లీసెకను గనుక అరవై ప్రశ్నలూ ముప్పై మిల్లీసెకన్లలో ముగిశాయి. భేషుగ్గా ఉందని అందరూ మెచ్చుకున్నారు. అదే ప్రోగ్రామును ఊరి అంగడిలో మొబైల్ సిగ్నలు మీద పెడితే ఒక్కొక్క రాకపోక అరవై మిల్లీసెకన్లయింది. బిల్లుకు మూడున్నర సెకన్లు. ఇక వెయ్యి సరుకుల నిల్వ పట్టిక ఒక్కొక్కటిగా తెప్పించబోతే నిండా ఒక నిమిషం. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు, మారినది చోటు మాత్రమే.

ఇక్కడే చాలామంది వ్యాపారులు డబ్బు వృథా చేసుకుంటున్నారు. స్లోగా ఉందనగానే ఇంకా పెద్ద ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోమని సలహా ఇచ్చేవారికి కొదువ లేదు. చెన్నై–కోల్‌కతా రహదారిని వెడల్పు చేస్తే ఒకేసారి ఎక్కువ బస్సులు పోగలవు. అంతమాత్రాన తడ చెన్నైకి దగ్గరకు జరగదు. సినిమాలు, ఫొటోలు దించుకునేవారికి వెడల్పు కావాలి. చిన్న చిన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి అడిగే ప్రోగ్రాముకు వెడల్పుతో ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

దూరమే నిజంగా శత్రువైన చోటు కూడా ఒకటి ఉన్నది. చెన్నై నుండి అండమాను దీవులకు సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్, 2024 నుండి శ్రీవిజయపురం, అంతకుముందు ప్రధానంగా ఉపగ్రహాల మీదనే ఆధారపడి ఉండేది. అటువంటి ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకి పోయి కిందికి దిగాలి, జవాబు కూడా పైకి పోయి కిందికి దిగాలి. వెరసి దాదాపు అర సెకను. పైన చెప్పిన 72 ప్రశ్నలు ఆ దారిలో అడిగితే ముప్పై అయిదు సెకన్లు. కేబుల్ మీద ఒక రాకపోక ఇరవై మూడు మిల్లీసెకన్లకు దిగింది గనుక అవే ప్రశ్నలు రెండు సెకన్లలోపు ముగుస్తాయి. అయితే ఒక్క ప్రశ్నగా కూర్చి అడిగే ప్రోగ్రాము ఉపగ్రహం మీద కూడా అర సెకనులో పని ముగించగలదు. సముద్రంలో కేబుల్ వేయడానికి వెయ్యి కోట్ల రూపాయలకు పైగా అయింది. ప్రోగ్రామును తిరగరాయడానికి ఒక మనిషి కొన్ని రోజులు కూర్చుంటే చాలు.

ప్రశ్నలు అడగడానికి ముందే కొన్ని రాకపోకలు ఖర్చవుతాయి. ప్రోగ్రాము డేటాబేస్‌ను పలకరించాలి, అది బదులు పలకాలి, పేరు, రహస్యపదం చెప్పాలి, సరేననిపించుకోవాలి. ప్రతి బిల్లుకూ ఈ తంతు కొత్తగా జరిపితే ప్రశ్న కంటే పలకరింపే ఎక్కువ కాలం తింటుంది. కాబట్టి ఒకసారి తెరిచిన తలుపును మూయకుండా అందరూ వంతులవారీగా వాడుకునే ఏర్పాటు చేస్తారు. కానీ తెరిచి ఉంచిన ప్రతి తలుపూ అవతలి యంత్రంలో కొంత చోటు ఆక్రమిస్తుంది. వంద అంగళ్ళు తలా యాభై తలుపులు తెరిచి కూర్చుంటే ఆ యంత్రానికి ఊపిరాడదు.

ఉదయం పది గంటలకు ఏ.సి. తత్కాల్, పదకొండు గంటలకు మిగిలిన తరగతుల తత్కాల్ తెరుచుకుంటాయి. ఆ నిమిషంలో జరిగేది మరొక రకం ఇబ్బంది. ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వకూడదు గనుక ఒకరి పని జరుగుతున్నంత సేపు ఆ బండి పద్దుకు తాళం వేసి ఉంచాలి. రెండవవాడు బయట ఆగాలి. కౌంటరులోని కంప్యూటరే తాళం వేసి, దూరం నుండి పది ప్రశ్నలు నలభై మిల్లీసెకన్ల చొప్పున అడిగితే తాళం 400 మిల్లీసెకన్లు పడి ఉంటుంది. సెకనుకు ఇద్దరు ముగ్గురికి మించి లోపలికి పోలేరు. ఆ పది పనులూ పద్దు ఉన్న చోటనే, అయిదు మిల్లీసెకన్లలో జరిపించి ఫలితం మాత్రమే కౌంటరుకు పంపితే సెకనుకు రెండు వందల మందికి వీలవుతుంది. కౌంటరు కదలలేదు, కేబుల్ మారలేదు, లెక్క చేసే చోటు మాత్రం మారింది. రైల్వే వారు ఆది నుండి అనుసరించినది ఈ పద్ధతినే. కౌంటరులోని తెరకు సొంత ఆలోచన ఉండేది కాదు. గుమాస్తా టైపు చేసినది కేంద్రానికి పోయేది, కేంద్రం లెక్క తేల్చి జవాబు పంపేది. ఆనాటి ఆ మూగ తెరలను చూసి ఇది పాతకాలపు సరంజామా అని వెక్కిరించినవారు ఉన్నారు. తత్కాల్ రద్దీకి తట్టుకునే లక్షణం ఆ మూగతనంలోనే ఉన్నది.

ఇంతవరకు చెప్పినవి దాదాపు నష్టం లేని ఉపాయాలు. నకళ్ళ విషయం అలా కాదు.

2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్లు ఇవ్వడం ప్రారంభించింది. 2014లో ఆ వ్యవస్థను కొత్తగా తీర్చి, నిమిషానికి 2,000 టిక్కెట్ల స్థాయి నుండి 7,200 స్థాయికి పెంచారు. 2025 జూన్‌లో రైల్వే శాఖ ఇచ్చిన లెక్క ప్రకారం రిజర్వేషన్ వ్యవస్థ శక్తి నిమిషానికి 32,000 టిక్కెట్లు, నాలుగు లక్షల విచారణలు. వాటిని లక్షన్నర టిక్కెట్లకు, నలభై లక్షల విచారణలకు పెంచుతామని కూడా అప్పుడే ప్రకటించింది. ఈ రెండు సంఖ్యల పొత్తును గమనించాలి. కొనేవాడు ఒకడైతే, బెర్తు ఉందా లేదా అని చూసేవారు పన్నెండు మంది. ఈ పన్నెండు మందినీ అసలు పద్దు దగ్గరకే పంపితే కొనేవాడికి దారి దొరకదు. అందుచేత ఇటువంటి పెద్ద వ్యవస్థలలో చూసేవారికి ఒక నకలు చూపి, కొనేవారిని మాత్రమే అసలు దగ్గరకు పంపడం పరిపాటి.

నకలు దగ్గరలో ఉంటుంది, చప్పున పలుకుతుంది. కానీ అది కొన్ని క్షణాల క్రిందటి నిజం. తెర మీద మూడు బెర్తులు కనబడి, డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టులో పడినవారు ఎందరో. దీనిని మోసమనుకుని కోపగించుకునేవారు ఉన్నారు. నకలు పాతబడి ఉండవచ్చు. లేదా చూసిన క్షణానికి, డబ్బు కట్టిన క్షణానికి నడుమ ఆ మూడూ మరొకరు తీసుకొని ఉండవచ్చు. నకలు లేకపోయినా రెండవది జరగక మానదు. అయితే నకలును ఎంత సేపటికొకసారి సరిచేస్తారన్నది మాత్రం మనుషులు తీసుకునే నిర్ణయం. అర నిమిషం పాతదైతే తత్కాల్ వేళ ఎందుకూ పనికిరాదు, రెండు నెలల తరువాతి ప్రయాణానికి ఎంతైనా చాలు.

కాగితం మీద అచ్చువేసి పెట్టెకు అంటించిన పాత రిజర్వేషన్ చార్టు కూడా ఒక నకలే. అంటించిన మరుక్షణం నుండి అది పాతబడేది. ఎక్కనివారి బెర్తు ఖాళీగా ఉన్న సంగతి టి.టి.ఇ.కి తప్ప కేంద్రానికి తెలిసేది కాదు. టి.టి.ఇ.ల చేతికి చిన్న యంత్రాలు వచ్చాక ఆ సంగతి దారిలోనే కేంద్రానికి చేరే వీలు కలిగింది. ఇక పాతకాలపు కోటా పూర్తిగా పోలేదు. మధ్య స్టేషన్ల నుండి ప్రయాణించేవారి టిక్కెట్టు మీద కనబడే ఆర్.ఎల్.డబ్ల్యు.ఎల్. అన్న అక్షరాలు దూరపు స్టేషన్ల కోటా తాలూకు వెయిటింగ్ లిస్టును సూచిస్తాయి. బండి బయలుదేరే ఊరి వెయిటింగ్ లిస్టు వేరు, ఇది వేరు. బండి ఖాళీగా పోతున్నదని ఎవరో చెప్పగా విని, తమ టిక్కెట్టు ఎందుకు ఖరారు కాలేదని వాపోయే కుటుంబాలకు కారణం చాలాసార్లు ఈ అక్షరాలలో దొరుకుతుంది.

ఊరి అంగడి వ్యాపారి విషయానికి వస్తే, అతనికి రైల్వే వారంత కఠినమైన నియమం అక్కరలేదు. ధరల పట్టిక నకలు ఊరిలోనే పెట్టుకొని పొద్దున ఒకసారి సరిచేసుకుంటే చాలు. ధరలు గంటగంటకు మారవు. బిల్లులు ఊరిలోనే రాసుకొని, లైను ఉన్నప్పుడు చెన్నైకి పంపవచ్చు. లైను తెగిన రోజున కూడా వ్యాపారం ఆగదు. నష్టమేమిటంటే చెన్నై గోదాములో మిగిలిన చివరి బస్తాను రెండు అంగళ్ళూ ఒకేసారి అమ్మివేయవచ్చు. ఎరువుల బస్తాకైతే ఒక రోజు ఆలస్యంతో, ఒక క్షమాపణతో సరిపోతుంది. బాకీ పద్దులో ఈ సడలింపు పనికిరాదు. ఒక ఊరిలో కట్టిన బాకీని మరొక ఊరిలో మళ్ళీ అడిగితే మాట పోతుంది. కాబట్టి బాకీలకు మాత్రం ప్రతిసారీ చెన్నై పద్దునే అడగాలి, ఆ కొద్ది ఆలస్యాన్ని భరించాలి. ఇదంతా ఒకే ప్రోగ్రాములో చేయవచ్చు, అన్నిటికీ ఒకే నియమం పెట్టనవసరం లేదు.

డేటాబేస్‌ను చెన్నైలో కాక అద్దె సర్వరులో పెట్టుకునేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఆ సర్వరు ఏ ఊరిలో ఉన్నదని అడిగేవారు మాత్రం తక్కువ. మైక్రోసాఫ్ట్ 2015లో చెన్నై, పుణె, ముంబైలలో, అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాదులో అటువంటి కేంద్రాలు తెరిచాయి. ఎంచుకునే సమయంలో పొరపాటున అమెరికా కేంద్రాన్ని ఎంచుకుంటే ఒక్కొక్క రాకపోకకు రెండు వందల మిల్లీసెకన్లకు పైగా చెల్లించుకోవాలి.

ప్రోగ్రాము కొనే ముందు వ్యాపారి తనంతట తాను చేయగల పరీక్ష ఒకటి ఉన్నది. కంప్యూటరులో 'పింగ్' అనే ఆదేశం ఇచ్చి సర్వరు పేరు రాస్తే, సర్వరు వారు దానిని అడ్డుకోని పక్షంలో, పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతున్నదో తెర మీద కనబడుతుంది. ఆ పరీక్ష చెన్నైలో కాదు, ఊరి అంగడిలోనే, రద్దీ వేళలో చేయాలి. తరువాత ప్రోగ్రాము రాసినవాడిని ఒక బిల్లుకు డేటాబేస్‌ను ఎన్నిసార్లు అడుగుతున్నావని అడగాలి. రెండు సంఖ్యలనూ గుణిస్తే బల్ల ముందు ఖాతాదారు నిలబడవలసిన కాలంలో పెద్ద భాగం తేలిపోతుంది. రెండవ సంఖ్య తనకే తెలియదని ప్రోగ్రాము రాసినవాడు అంటే, బయానా ఇవ్వకుండా లెక్కపెట్టి రమ్మనాలి.